పుష్పక విమానంలో ఎప్పుడూ ఒక సీటు ఖాళీ, మన విమానంలో కాదు

 

2021 జులై 11 గుర్తుందా? గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాళ్ల యూనిటీ అనే స్పేస్‌షిప్‌లో అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చారు. ఆ రోజు మనవాళ్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆవిడవే. ఆ స్పేస్‌షిప్‌కి ముందు తరం ఒకటుంది, స్పేస్‌షిప్‌వన్. దాన్ని డిజైన్ చేసింది బర్ట్ రూటన్ అనే అమెరికన్ ఇంజనీర్. ఈయనకి ముందు పేరొచ్చింది స్పేస్‌షిప్‌లతో కాదు. మామూలు జనం ఇంటి గ్యారేజీలో కట్టుకునే చిన్న విమానాల ప్లాన్లు అమ్మి.

ఆ ప్లాన్లలో ఒకటి బెంగళూరు దాకా వచ్చింది. మన డీఆర్‌డీవో డ్రోన్‌కి అది తాత. ఆ కథలోకి వస్తాను. దానికంటే ముందు ఇవాళ్టి ప్రశ్న: చిన్న హోమ్‌బిల్ట్ విమానం ఎంచుకోవాలంటే మొదట ఏం చూడాలి? స్పీడా, రేంజా, ధరా? వందేళ్ల చరిత్ర చెప్పే జవాబు వేరు. ముందు మీరు వెయింగ్ మెషీన్ ఎక్కండి. తర్వాత టేపు పట్టుకుని భుజాలు కొలుచుకోండి. కాక్‌పిట్ సౌకర్యం, బరువు రెండు వేర్వేరు విషయాలు కావు. ఒకే ఖాతా. ఒకదాంట్లో పెంచితే ఇంకోదాంట్లో కట్టాలి. ఈ లెక్క తప్పినవాళ్లలో కొందరు ప్రాణాలతో లేరు.

ముందు లెక్క చూద్దాం

ఒక టూ సీటర్ అనుకోండి. నిండుగా ఎగరడానికి పర్మిషన్ ఉన్న బరువు 600 కిలోలు. అమెరికాలో 2004లో వచ్చిన లైట్ స్పోర్ట్ రూల్స్‌లో పెట్టిన లిమిట్ ఇదే. ఖాళీ విమానం 370 కిలోలు. మిగిలింది 230. ఇందులో మీరు, మీ పక్కన కూర్చునే మనిషి, పెట్రోలు, బ్యాగు, అన్నీ రావాలి.

ఇద్దరూ 85 కిలోలు అనుకుందాం. 170 పోయింది. బ్యాగుకి 10. ఇంక 50 కిలోలు ఉంది. లీటరు పెట్రోలు దాదాపు 0.72 కిలో, అంటే 69 లీటర్లు. చిన్న రోటాక్స్ ఇంజిన్ గంటకి 18, 20 లీటర్లు తాగుతుంది. రిజర్వు తీసేస్తే సుమారు మూడు గంటలే. ట్యాంకులో వంద లీటర్లు పట్టొచ్చు, కానీ ఆ ఇద్దరితో వంద లీటర్లు నింపే హక్కు మీకు లేదు. టూ సీటర్ అని బోర్డు ఉంటుంది, ట్యాంకు మీద కెపాసిటీ ఉంటుంది, రెండూ నిజమే. రెండూ ఒకేసారి నిజం కావు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మేం ర్యామ్ గురించి ఇలాగే మాట్లాడుకునేవాళ్లం. యాప్‌లు అన్నీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, అన్నీ ఒకేసారి రన్ చేయలేం.

ఇంకోటి. అమెరికా సర్టిఫికేషన్ రూల్స్‌లో ఏళ్ల తరబడి ఒక మనిషి అంటే 170 పౌండ్లు, అంటే 77 కిలోలు. పాత డిజైన్లు చాలావరకు ఆ మనిషి కోసమే గీశారు. మీరు ఆ మనిషి కాకపోతే కాగితం మీద ఉన్న లెక్క మీది కాదు.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. వన్‌టౌన్‌లో ఆటో వెనక ఇనప రాడ్లు వేసుకుని వెళ్తుంటే చూడండి, ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ మాట వినదు. విమానంలో అదే జరిగితే తోక బరువెక్కి ముక్కు పైకి లేస్తుంది, స్టాల్ అవుతుంది, చాలాసార్లు బయటపడే దారి ఉండదు. నీళ్ల మీద ఇది మనం కళ్లారా చూశాం. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. "ఇంకొక్కరే కదా, ఎక్కండి" అన్న మాట ఖరీదు కృష్ణా ఒడ్డున ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రైట్ బ్రదర్స్ పడుకుని ఎగిరారు

1903 డిసెంబర్ 17. రైట్ బ్రదర్స్ ఫ్లయర్ 12 సెకన్లు ఎగిరింది. సైకిల్ షాపు అన్నదమ్ములు సొంతంగా కట్టుకున్న విమానం, అంటే మొదటి హోమ్‌బిల్ట్ అదే అనుకోవచ్చు. అందులో సీటే లేదు. గాలి అడ్డం తగ్గడానికి పైలట్ కింది రెక్క మీద బోర్లా పడుకున్నాడు. పైలట్ మధ్యకి ఎడమ పక్క, ఇంజిన్ కుడి పక్క. ఇంజిన్ ఆ అన్నదమ్ముల కంటే బరువు. అందుకని కుడి రెక్కని ఎడమ దాని కంటే 4 అంగుళాలు పొడుగు పెట్టారు. చూశారా, మొట్టమొదటి విమానంలోనే పైలట్ ఒంటి బరువు డ్రాయింగ్‌లో ఉంది.

పన్నెండు సెకన్లు బోర్లా పడుకోవచ్చు. అరగంట పడుకుని మెడ ఎత్తి ముందుకు చూస్తూ ఉండాలంటే మెడ పోతుంది. 1908లో పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేసరికి నిటారుగా కూర్చునే రెండు సీట్లు పెట్టారు. గాలి అడ్డం పెరిగినా ఒప్పుకున్నారు. సౌకర్యానికి మొదటి బిల్లు అప్పుడే కట్టారు.

అదే రోజుల్లో పారిస్‌లో బ్రెజిల్ వాడు అల్బెర్టో సాంటోస్ డుమాంట్ డెమోయిజెల్ అనే చిట్టి విమానం చేశాడు. వెదురు బొంగులు, గుడ్డ, రెక్క కింద వేలాడే సీటు. పేటెంట్ తీసుకోలేదు, ప్లాన్లు ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఇప్పటి భాషలో ఓపెన్ సోర్స్. కానీ ఒక చిక్కు ఉంది. సాంటోస్ డుమాంట్ పొట్టి మనిషి, 50 కిలోల చుట్టూ ఉండేవాడు. విమానం ఆయన ఒంటికి కుట్టిన చొక్కా లాంటిది. 80 కిలోల మనిషి అదే ప్లాన్‌తో కట్టుకుంటే అది అదే విమానం కాదు. కోడ్ కాపీ చేయొచ్చు, ఆ కోడ్ రన్ అయిన మెషీన్ కాపీ కాదు.

రూటన్: వెనక్కి వాలి కూర్చో

1970లలో రూటన్ వచ్చాడు. ఫోమ్ కోసి, పైన ఫైబర్ గ్లాస్ గుడ్డ, రెసిన్ పూసి విమానం చేయొచ్చని చూపించాడు. 1975లో వేరీ ఈజీ, 1979లో లాంగ్ ఈజీ. ఇంజిన్ వెనకాల, చిన్న రెక్క ముందు. ఇద్దరు ఒకరి వెనక ఒకరు, ఈజీ చైర్‌లో లాగా వెనక్కి వాలి కూర్చుంటారు. విమానం సన్నగా ఉంటుంది కాబట్టి గాలి అడ్డం తక్కువ, తక్కువ పెట్రోలుతో చాలా దూరం పోతుంది. ఖాళీ బరువు సుమారు 320 కిలోలే.

దీన్ని పార్క్ చేసినప్పుడు చూడాలి. ముక్కు నేలకి ఆనించి, నమస్కారం పెడుతున్నట్టు ఉంటుంది. స్టైల్ కోసం కాదు. ఇంజిన్ వెనక ఉంది, పైలట్ ముందు ఉంటాడు. పైలట్ దిగిపోతే వెనక బరువెక్కి విమానం వెల్లకిలా పడుతుంది. అంటే ఈ డిజైన్‌లో పైలట్ ఒళ్లే తక్కెడలో రెండో రాయి. పైలట్ మరీ తేలికైతే ముక్కులో బరువు పెట్టుకోవాలి.

ఈ ఆలోచనని చివరి దాకా లాగితే ఏమవుతుందో కూడా రూటనే చూపించాడు. వోయేజర్. 1986 డిసెంబర్ 14న బయల్దేరి, ఆగకుండా, గాల్లో పెట్రోలు నింపుకోకుండా భూమి చుట్టూ తిరిగి 23న దిగింది. నడిపింది ఆయన అన్న డిక్ రూటన్, జీనా యేగర్. టేకాఫ్ బరువు సుమారు 4,400 కిలోలు, అందులో దాదాపు 3,180 కిలోలు పెట్రోలే. మనుషులకి మిగిలింది ఒక ఇరుకు గూడు. తొమ్మిది రోజులు ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పక్కనే పడుకోవాలి. రికార్డు కోసం అయితే సరే. ఆదివారం సూర్యలంక బీచ్‌కి వెళ్లడానికి ఎవరూ అలా కూర్చోరు.

చేతికి అందని హ్యాండిల్

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో కష్టమైన భాగం. "టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్" పాట మీలో చాలామంది రీల్స్‌లో వినే ఉంటారు. ఆ సింగర్ జాన్ డెన్వర్, బాగా అనుభవం ఉన్న పైలట్. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో లాంగ్ ఈజీ సముద్రంలో కూలి చనిపోయారు. అది ఇంకొకరు కట్టిన విమానం, ఆయన కొత్తగా కొన్నారు.

రూటన్ ప్లాన్‌లో ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి మార్చే హ్యాండిల్ పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. ఈ విమానం కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. అక్కడికి చెయ్యి పెట్టాలంటే స్టిక్ వదిలేసి, ఒళ్లంతా వెనక్కి తిప్పాలి. అలా తిరిగినప్పుడు కుడి కాలు తెలియకుండానే రడ్డర్ పెడల్‌ని నొక్కుతుందని దర్యాప్తులో తేలింది. హ్యాండిల్ మీద, పెట్రోలు గేజ్ మీద సరైన గుర్తులు లేవు. బయల్దేరే ముందు పెట్రోలు నింపుకోలేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఈ కారణాలన్నీ రాసింది. హ్యాండిల్‌ని అందని చోట, గుర్తు లేకుండా పెట్టడం అందులో ఒకటి.

కాక్‌పిట్ సౌకర్యం అంటే మెత్తటి కుషన్ అనుకుంటాం. కాదు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా అన్నిటికీ చెయ్యి అందడం, పెడల్‌కి కాలు అందడం, గేజ్‌కి కన్ను అందడం. ఇది లగ్జరీ కాదు, సేఫ్టీ. ఫ్యాక్టరీ విమానంలో ఈ పని ఒక టీమ్ చేస్తుంది. ఇంట్లో కట్టిన విమానంలో కట్టినవాడు తన చెయ్యి పొడుగుతో చేస్తాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీరు అతని చేతి పొడుగుని కూడా కొంటున్నారు.

పక్కపక్కన కూర్చుందాం

అమెరికాలోనే రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంకో ఇంజనీర్ వేరే దారి పట్టాడు. ఆయన ఆర్‌వీ విమానాలు అల్యూమినియం రేకుతో చేసేవి. మొదటిది ఆర్‌వీ-3, ఒక్క సీటు. ఆర్‌వీ-4 ముందూ వెనకా రెండు సీట్లు. 1980ల మధ్యలో ఆర్‌వీ-6 తెచ్చాడు, పక్కపక్కన రెండు సీట్లు. వెడల్పు పెరిగితే స్పీడు పోతుందని అందరి భయం. పోయింది చాలా కొంచెమే. జనం ఎగబడ్డారు. భార్యో, స్నేహితుడో పక్కన ఉంటే మాట్లాడుకోవచ్చు, మ్యాప్ చూపించొచ్చు, వెనక సీట్లో ఒంటరిగా ముందువాడి తల వెనక భాగం చూస్తూ కూర్చోక్కర్లేదు. ఇప్పటికి ప్రపంచంలో 11,000కి పైగా ఆర్‌వీలు ఎగిరాయి. గెలిచింది అన్నిటికంటే వేగమైనది కాదు, ఇంట్లోవాళ్లు రెండోసారి ఎక్కడానికి ఒప్పుకున్నది.

మన పుష్పక్, మన హంస

ఇప్పుడు ఇండియాకి. 1958లో హెచ్‌ఏఎల్ పుష్పక్ అనే టూ సీటర్ ఎగరేసింది. అమెరికన్ ఏరోంకా చీఫ్ ఆధారంగా చేసింది, గుడ్డ చుట్టిన ఒళ్లు, 90 హార్స్‌పవర్ ఇంజిన్, పక్కపక్కన సీట్లు. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దాని మీదే నేర్చుకున్నారు. పేరు వింటే నవ్వొస్తుంది. మన కథల్లో పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉంటుంది. హెచ్‌ఏఎల్ పుష్పక్‌లో ఇద్దరు ఎక్కాక టిఫిన్ బాక్సుని కూడా లెక్కపెట్టాలి.

ఇక మొదట చెప్పిన కథ. బెంగళూరులో నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ, ఎన్‌ఏఎల్. 1965 నుంచి 1984 వరకు దాని డైరెక్టర్ ఎస్.ఆర్. వల్లూరి, ఇంటిపేరు వింటేనే మనకి తెలిసిపోతుంది. ఆ ల్యాబ్‌లో ఫైబర్ గ్లాస్ విమానం ఎలా చేయాలో నేర్చుకోవడానికి రూటన్ లాంగ్ ఈజీని తీసుకున్నారు. లైట్ కెనార్డ్ రీసెర్చ్ ఎయిర్‌క్రాఫ్ట్ అని పేరు పెట్టారు. 1987 ఫిబ్రవరిలో ఎగిరింది. ఆ టీమ్‌ని నడిపింది రుస్తుం దమానియా. గ్యారేజీ విమానం ప్రభుత్వ ల్యాబ్‌కి పాఠ్యపుస్తకం అయింది.

తర్వాత అది రెండు దారుల్లో వెళ్లింది, ఆ రెండూ మన టాపిక్కే. ఒక దారిలో పైలట్‌ని తీసేశారు. డీఆర్‌డీవో రుస్తుం-1 డ్రోన్ ఈ విమానం ఆధారంగా చేసిందే, పేరు దమానియా గారిదే. 2009 నవంబర్‌లో హోసూరులో మొదటిసారి ఎగిరింది. పైలట్ లేడు కాబట్టి సీటు, పెడల్స్, అద్దం, మెడ నొప్పి ఏవీ లేవు. ఆ కిలోలు ఎక్విప్‌మెంట్‌కి పోయాయి. సౌకర్యం బిల్లు ఎంత ఉంటుందో దీన్నిబట్టి ఊహించండి.

రెండో దారిలో మనిషిని ఉంచారు, కానీ వెనక్కి వాలి కూర్చునే సన్న గూడు వద్దన్నారు. ట్రైనింగ్ అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, చెయ్యి చూపించి చెప్పాలి. అలా వచ్చింది హంస. మొత్తం కాంపోజిట్ ఒళ్లు, పక్కపక్కన రెండు సీట్లు. 1993లో మొదటి ప్రోటోటైప్ ఎగిరింది, 2000లో హంస-3కి డీజీసీఏ సర్టిఫికెట్ వచ్చింది. మధ్యలో కాంటినెంటల్ ఇంజిన్ పోయి తేలికైన రోటాక్స్ వచ్చింది. సీట్లు పక్కపక్కన పెట్టినందుకు పెరిగిన కిలోలు ఎక్కడో ఒక చోట తగ్గించాలి కదా. 2021 సెప్టెంబర్ 3న కొత్త తరం హంస ఎగిరింది, గ్లాస్ కాక్‌పిట్, విశాలమైన పారదర్శక కనోపీతో.

మన దేశంలో సొంతంగా కట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ బిల్డింగ్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు, 2017లో డీజీసీఏ రిజిస్ట్రేషన్ వచ్చింది. విమానం కట్టడం కంటే కాగితం రావడమే కష్టమైన కథ అది. కేరళ నుంచి ఇంగ్లండ్ వెళ్లిన మెకానికల్ ఇంజనీర్ అశోక్ తామరాక్షన్‌ది ఇంకా మన టాపిక్‌కి దగ్గర. లైసెన్స్ వచ్చాక టూ సీటర్లు అద్దెకి తీసుకునేవారు. భార్య, ఇద్దరు కూతుళ్లు. టూ సీటర్‌లో ఎవరిని దించాలి? అద్దెకి దొరికే ఫోర్ సీటర్లు అరుదు, దొరికినా పాతవి. కోవిడ్ లాక్‌డౌన్‌లో దక్షిణాఫ్రికా నుంచి స్లింగ్ కిట్ తెప్పించి నాలుగు సీట్ల విమానం కట్టుకున్నారు. ఆయన ఎంపిక స్పీడుతో మొదలవలేదు, ఇంట్లో తలలు లెక్కపెట్టడంతో మొదలైంది.

మనం ఎంచుకుంటే

రేపు మీరెవరైనా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కిట్ కొనే పరిస్థితి వస్తే, లేదా ఇక్కడే ఫ్లయింగ్ స్కూల్‌లో చేరితే, ఈ చరిత్ర నుంచి తీసుకోవాల్సినవి ఇవి.

ఒకటి, బ్రోచర్‌లో ఖాళీ బరువు నమ్మకండి. పెయింటు, సీటు కవర్లు, ఇంకో స్క్రీన్, ఇంకో యూఎస్‌బీ ఛార్జర్ అంటూ ప్రతి బిల్డర్ కొన్ని కిలోలు కలుపుతాడు. ఆ ఒక్క విమానాన్ని నిజంగా కాటా మీద పెట్టిన కాగితం అడగండి.

రెండు, కూర్చుని చూడండి, ఐదు నిమిషాలు కాదు, గంట. హెడ్‌సెట్ పెట్టుకుంటే తల కనోపీకి తగులుతోందా? తొడల కింద ఆసరా ఉందా? బెల్టు బిగించాక కళ్లు మూసుకుని ప్రతి స్విచ్ ముట్టుకోండి. ఒక్కటి అందకపోయినా డెన్వర్ హ్యాండిల్ గుర్తు తెచ్చుకోండి.

మూడు, ఎక్కడం దిగడం. రెక్క కిందికి ఉన్న విమానంలో రెక్క మీద అడుగు వేసి లోపలికి దిగాలి. చీర కట్టుకున్న అమ్మని, మోకాళ్ల నొప్పులున్న నాన్నని తీసుకెళ్లాలంటే రెక్క పైన ఉండి, పక్కన తలుపు ఉన్నది నయం. పైగా రెక్క నీడ ఇస్తుంది. మే నెలలో విజయవాడ ఎండలో అద్దాల బుడగ కనోపీ కింద పది నిమిషాలు టాక్సీ చేస్తే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే.

నాలుగు, ఆ ఎండే బరువు లెక్కని కూడా మారుస్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. రెక్కకి పట్టు తక్కువ, ఇంజిన్‌కి బలం తక్కువ. జనవరి పొద్దున హాయిగా లేచిన అదే బరువుకి మే మధ్యాహ్నం చాలా ఎక్కువ రన్‌వే కావాలి. కాగితం మీద బరువు లిమిట్ మారదు, దాన్ని మోసే గాలి మారుతుంది.

ఐదు, అదనంగా బిగించేది ఏదైనా మనుషుల కోటాలోంచే పోతుంది. 2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ చూశారు కదా. ఆ ట్విన్ ఆటర్ కింద ఉన్న పెద్ద ఫ్లోట్లు వందల కిలోలు. నీళ్ల మీద దిగే సౌకర్యానికి సీట్లతో బిల్లు కట్టడం అది.

చివరిగా ఒక్క మాట. బరువు అడిగితే మనవాళ్లు సిగ్గుపడతారు, రెండు కిలోలు తగ్గించి చెప్తారు. చిన్న విమానం దగ్గర ఆ మొహమాటం పనికిరాదు. పైలట్ మీ బరువు అడిగితే నిజం చెప్పండి. ఫోన్, షూస్, బ్యాగుతో సహా చెప్పండి. మీరే పైలట్ అయితే, "ఇంకొక్కరు సర్దుకుంటారు" అని ఎవరైనా అంటే "కుదరదండీ" అనడం ముందే ప్రాక్టీస్ చేయండి.

మీ ఇంట్లో అందరి బరువు కలిపి, పైన చెప్పిన 230 కిలోల విమానంలో ఎవరెవరు పడతారో, ఎంత పెట్రోలు మిగులుతుందో కామెంట్‌లో రాయండి. కరెక్ట్‌గా లెక్క వేసినవాళ్ల కామెంట్ పిన్ చేస్తాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.